కారు హెడ్‌లైట్లలో విద్యుత్ లోపాలు: బ్యాటరీ నుంచి బల్బు దాకా వెతికే పద్ధతి

అనంతపురం నుంచి కర్నూలుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట వెళ్తున్నప్పుడు హెడ్‌లైట్ల వెలుగు కొంత తగ్గినా చాలామందికి తెలియదు. ఎదుటి బండ్ల వెలుతురు, టోల్ ప్లాజాల దీపాలు ఆ లోటును కప్పేస్తాయి. అదే కారు గుత్తి దగ్గర రహదారి దిగి తాడిపత్రి వైపు మళ్లినప్పుడో, కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నప్పుడో అసలు సంగతి బయటపడుతుంది. వెనక దీపం లేని ట్రాక్టరు, ఆరబోసిన జొన్నల చుట్టూ రోడ్డు మీద పేర్చిన రాళ్లు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు.

లైటు మసకబారగానే బల్బు మార్చడం అందరూ చేసే పని. బల్బు పూర్తిగా ఆరిపోయినప్పుడు అది సరైన పనే కావచ్చు గాని, వెలుగు తగ్గినప్పుడు, మినుకుమినుకుమన్నప్పుడు, ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతున్నప్పుడు లోపం ఎక్కువగా కరెంటు నడిచే దారిలోనే ఉంటుంది. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే విద్యుత్ మీట), స్విచ్చు, కప్లరు (బల్బు వెనక తగిలించే ప్లగ్గు) దాటి బల్బులోకి వెళ్లి, ఎర్త్ గుండా, అంటే కారు లోహపు బాడీ మీదుగా, తిరిగి బ్యాటరీకి చేరాలి. ఈ దారిలో వోల్టేజీ ఎక్కడ పోతోందో కొలిచి పట్టుకోవడమే ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి. ఆ కొలత ఎప్పుడూ లైటు వెలుగుతుండగానే తీయాలన్నది ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం. కారణం నాలుగో దశలో వివరంగా చెబుతాను.

ఇక్కడ చెప్పేది 12 వోల్టుల హాలోజన్ దీపాలున్న కార్లకు వర్తిస్తుంది. జినాన్ దీపాలు వెలిగే క్షణంలో వాటి బల్లాస్ట్ (వోల్టేజీ పెంచే పెట్టె) ఇరవై వేల వోల్టులకు పైగా పుట్టిస్తుంది కనుక వాటి జోలికి ఇంటి దగ్గర వెళ్లకూడదు. కంపెనీ నుంచే ఎల్ఈడీ దీపాలతో వచ్చిన కార్లలో ఫ్యూజు, ఎర్త్, కప్లరు వరకు చూసుకోవచ్చు. లోపల ఉండే మాడ్యూలును విప్పడం వల్ల ప్రయోజనం ఉండదు.

పనిముట్లు, జాగ్రత్తలు

వోల్టేజీ కొలిచే ఒక సాధారణ డిజిటల్ మల్టీమీటరు, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు (ఒక వైరు బాడీకి తగిలించి, రెండో కొస తాకిస్తే కరెంటు ఉన్న చోట వెలిగే చిన్న దీపం), స్క్రూడ్రైవరు, 10 నంబరు, 12 నంబరు స్పానర్లు, ఎమరీ పేపరు, పెట్రోలియం జెల్లీ ఉంటే చాలు. ఆటోమొబైల్ దుకాణాల్లో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే దొరికితే ఇంకా మంచిది. ఇంజను నడుస్తుండగా కొలిచేటప్పుడు తువ్వాలు, చున్నీ, వదులు చొక్కా చేతులు బెల్టుకు గాని ఫ్యానుకు గాని తగలకుండా చూసుకోవాలి. ఇంజను ఆపిన తరువాత కూడా రేడియేటరు ఫ్యాను ఉన్నట్టుండి తిరగవచ్చు. వైర్లు విప్పే పని ఉంటే ముందుగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి పక్కకు పెట్టాలి. స్టీరింగ్ కింద పసుపు రంగు తొడుగుతో కనిపించే వైర్లు ఎయిర్‌బ్యాగువి. వాటికి టెస్ట్ ల్యాంపు తగిలించకూడదు.

ముందుగా లక్షణాన్ని గమనించడం

కారును గోడకు ఎదురుగా నిలిపి లో బీమ్, హై బీమ్ విడివిడిగా వేసి, వెలిగినది ఏది, వెలగనిది ఏది అన్నది కాగితం మీద రాసుకోండి. సగం లోపాలు ఈ కాగితం మీదే తేలిపోతాయి.

ఒక వైపు దీపం మాత్రమే వెలగకపోతే లోపం ఆ వైపు బల్బులో, కప్లరులో, ఆ వైపు ఫ్యూజులో, లేదా ఆ వైపు ఎర్త్‌లో ఉంటుంది. రెండు వైపులా లో బీమ్ పోయి హై బీమ్ పనిచేస్తుంటే లో బీమ్ రిలేను, స్టీరింగ్ దగ్గరి కాంబినేషన్ స్విచ్చును అనుమానించాలి. రెండు బల్బులూ ఒకేసారి కాలిపోయే అవకాశం తక్కువే గాని, ఒకటి ఎప్పుడో పోయినా గమనించకుండా నడిపి, రెండోది పోయిన రోజున రెండూ పోయాయనుకునేవారు చాలామంది. రెండు దీపాలూ ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు మసకబారి, రేస్ ఇచ్చినప్పుడు ప్రకాశిస్తే ఛార్జింగ్ వ్యవస్థను చూడాలి. గతుకుల్లో మాత్రమే ఆరి వెలుగుతుంటే అది లూజ్ కాంటాక్టు.

వీటన్నిటిలో మెకానిక్కులను కూడా తికమకపెట్టే లక్షణం ఒకటుంది. లో బీమ్ వేస్తే ఒక వైపు దీపం గుడ్డిగా వెలుగుతుంది, డ్యాష్‌బోర్డు మీద హై బీమ్‌కు గుర్తుగా ఉండే నీలి దీపం కూడా సన్నగా మెరుస్తుంది. లో బీమ్, హై బీమ్ ఫిలమెంట్లు రెండూ ఒకే గాజులో ఉండే హెచ్4 బల్బులో ఆ రెంటికీ ఎర్త్ పిన్ను ఒక్కటే. ఆ ఎర్త్ తెగిపోయినప్పుడు లో బీమ్ ఫిలమెంటు దాటి వచ్చిన కరెంటుకు దారి లేక, అదే బల్బులోని హై బీమ్ ఫిలమెంటు గుండా వెనక్కి వెళ్లి, హై బీమ్ వైరు పట్టుకుని రెండో వైపు దీపానికీ నీలి దీపానికీ చేరి అక్కడ ఎర్త్ వెతుక్కుంటుంది. ఈ లక్షణం కనిపించినప్పుడు స్విచ్చు మార్చడానికి డబ్బు ఖర్చు చేయకండి. మసకబారిన వైపు ఎర్త్ వైరును చూడండి.

మొదటి దశ: బల్బు, కప్లరు

లైటు ఆపి, బల్బు చల్లబడిన తరువాత వెనక ఉన్న రబ్బరు బూటు తీసి, కప్లరు లాగి, స్ప్రింగు క్లిప్పు నొక్కి బల్బు బయటకు తీయండి. లోహపు అంచును పట్టుకోవాలి గాని గాజును ముట్టకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. పొరపాటున ముట్టుకుంటే శానిటైజరులో వాడే స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఫిలమెంటు తెగిందా, గాజు లోపల నల్లబడిందా, పాలలా తెల్లబడిందా చూడండి. తెల్లబడితే లోపలికి గాలి చొరబడిందని అర్థం. అనుమానం తీరకపోతే కుడి బల్బును ఎడమకు, ఎడమ బల్బును కుడికి మార్చండి. లోపం బల్బుతోపాటు అవతలికి వెళ్తే బల్బుదే తప్పు. ఉన్నచోటే ఉండిపోతే వైరింగుది.

కప్లరును మాత్రం వెలుతురులో తిప్పి తిప్పి చూడాలి. తెల్లటి లేదా నల్లటి ప్లాస్టిక్ ఒక పిన్ను చుట్టూ గోధుమ రంగుకు తిరిగి, అంచు కొద్దిగా కరిగి, లోపలి ఇత్తడి రేకు నీలంగా మారి ఉంటే ఆ పిన్ను పట్టు వదిలేసిందని, అక్కడ కరెంటు వేడిగా మారిపోతోందని తెలుస్తుంది. సన్న స్క్రూడ్రైవరుతో ఆ రేకును బిగించి సరిపెట్టడం కొద్ది వారాల ముచ్చటే, ఎందుకంటే ఒకసారి వేడికి మెత్తబడిన రేకుకు మునుపటి బిగి రాదు. సిరామిక్ హోల్డరు తెచ్చి, వైర్లను క్రింపు చేసి లేదా టంకం వేసి, హీట్ ష్రింక్ గొట్టం తొడిగితే మన ఎండలకు కూడా ఏళ్ల తరబడి నిలుస్తుంది. వైర్లు మెలిపెట్టి పైన ఇన్సులేషన్ టేపు చుట్టే పద్ధతి ఇంజను గదిలో పనికిరాదు. వేసవిలో ఆ టేపు జిగురు కారిపోయి, అతుకు బయటపడుతుంది.

రెండో దశ: ఫ్యూజు

చాలా కార్లలో కుడి, ఎడమ దీపాలకు, కొన్నిటిలో లో, హై బీమ్‌లకు కూడా వేర్వేరు ఫ్యూజులుంటాయి. ఏది దేనిదో ఫ్యూజు పెట్టె మూత లోపలి బొమ్మ చెబుతుంది. బ్లేడు ఫ్యూజుల్లో ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. ఫ్యూజును పీకకుండానే, లైటు వేసి ఉంచి, దాని వీపున కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మీద టెస్ట్ ల్యాంపు పెట్టండి. రెండు చోట్లా వెలిగితే ఫ్యూజు బాగుంది. ఒక్క చోటే వెలిగితే పోయింది. ఎక్కడా వెలగకపోతే ఫ్యూజు దాకా కరెంటే రావడం లేదు.

పోయిన ఫ్యూజు స్థానంలో అదే విలువ ఉన్న ఫ్యూజునే పెట్టాలి. 10 పోయిందని 20 పెట్టడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం వంటివి చేస్తే తరువాతిసారి ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది.

కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది. అప్పుడు ఫ్యూజుల మీద ఫ్యూజులు ఖర్చు చేయనవసరం లేదు. ముందుగా ఆ ఫ్యూజు పరిధిలోని హెడ్‌లైటు కప్లర్లన్నీ ఊడదీయండి. 21 వాట్ల ఇండికేటరు బల్బుకు రెండు వైర్లు కట్టి, ఫ్యూజు ఉండాల్సిన రెండు గాడుల మధ్య కలిపి, లైటు స్విచ్చు వేయండి. దారి సవ్యంగా ఉంటే ఈ బల్బు వెలగకూడదు. నిండుగా వెలిగితే వైరు ఎక్కడో బాడీకి తగులుతోందన్నమాట. ఇక వైరింగు కట్టను బంపరు వెనక, రేడియేటరు సపోర్టు దగ్గర, బ్యాటరీ ట్రే కింద కొద్దికొద్దిగా కదుపుతూ పోతే, ఎక్కడ కదిపినప్పుడు బల్బు ఆరిందో అక్కడే దోషం. వేరుశనగ బస్తాలకు దగ్గరగా కారు నిలిపే ఊళ్లలో ఎలుకలు కొరికిన వైరు దొరకడం మామూలే. అటువంటప్పుడు కనిపించిన గాటుతో తృప్తిపడకుండా జానెడు మేర టేపు విప్పి చూడటం మంచిది. ఎలుక ఒకే చోట కొరికి వదలదు.

మూడో దశ: రిలే, స్విచ్చు

పక్కన ఒకరు లైటు స్విచ్చు వేస్తుండగా రిలే మీద వేలు ఉంచండి. టక్కుమని కొట్టుకుంటే లోపలి కాయిల్ పనిచేస్తున్నట్టే గాని, కాంటాక్టులు బాగున్నట్టు కాదు. హారన్ రిలే మీద కూడా అదే నంబరు ఉంటే రెంటినీ అటు ఇటు మార్చి చూడటం అన్నిటికన్నా సులువు. రిలే సాకెట్‌లో 85, 86 కాయిల్ పిన్నులు. 30కి బ్యాటరీ నుంచి సరఫరా వస్తుంది. 87 దీపాలకు పోతుంది. రిలే పీకి, 30, 87 గాడులను ఫ్యూజు ఉన్న ఒక జంపర్ వైరుతో కలిపినప్పుడు దీపాలు వెలిగితే ఆ తరువాతి దారంతా బాగుందని, లోపం రిలేలో గాని దానికి ఆజ్ఞ ఇచ్చే స్విచ్చులో గాని ఉందని తేలుతుంది.

పాత చిన్న కార్లలో రిలే లేకుండా దీపాల కరెంటంతా కాంబినేషన్ స్విచ్చు గుండానే పోతుంది. స్టీరింగ్ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వస్తున్నా, లీవరును కొంచెం ఎత్తి పట్టుకుంటేనే లైటు వెలుగుతున్నా లోపలి కాంటాక్టులు కాలిపోయాయని భావించవచ్చు. కొత్త స్విచ్చు వేయించేటప్పుడే విడిగా రిలే పెట్టించడం తెలివైన పని. ఆ తరువాత స్విచ్చు మీద రిలే కాయిల్‌కు కావలసిన స్వల్పమైన కరెంటు తప్ప భారం ఉండదు.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. జపాన్ డిజైన్ ఆధారంగా వచ్చిన కొన్ని కార్లలో స్విచ్చు పాజిటివ్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఉంటుంది. వాటిలో బాడీకి ఒక వైరు పెట్టి కొలిస్తే అంకెలు అర్థం కావు కనుక, కప్లరులోని పిన్నుల మధ్యే కొలవాలి. రెండోది, కొత్త కార్లలో దీపాలను బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కంప్యూటరు నడుపుతుంది. అక్కడ టెస్ట్ ల్యాంపు వాడకూడదు, జంపర్ వైరు అసలే పెట్టకూడదు. మల్టీమీటరు మాత్రమే వాడాలి.

నాలుగో దశ: లైటు వెలుగుతుండగా వోల్టేజీ నష్టాన్ని కొలవడం

కప్లరు ఊడదీసి మీటరు పెడితే 12.5 వోల్టులు కనిపించింది కాబట్టి వైరింగు బాగుందని తీర్మానించడం తరచూ జరిగే పొరపాటు. మీటరు తీసుకునే కరెంటు దాదాపు సున్నా. వైరులోని పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా మీటరుకు పూర్తి వోల్టేజీ కనిపిస్తుంది. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్లకు పైగా లాగడం మొదలుపెట్టినప్పుడే ఆ ఒక్క పోగు, తుప్పుపట్టిన బోల్టు, కాలిన కాంటాక్టు తమ అసలు రంగు చూపిస్తాయి. నల్లా మూసి ఉన్నంతసేపు పైపు సగం పూడుకుపోయినా ఒత్తిడి పూర్తిగానే ఉన్నట్టు అనిపించినట్లే ఇది కూడా.

కాబట్టి కప్లరును బల్బుకు తగిలించే ఉంచి, ఇంజను నడిపి, లో బీమ్ వేయండి. కప్లరు వెనక వైరు లోపలికి వెళ్లే సందులోంచి సన్నని గుండుసూది దూర్చి పిన్నుకు తాకించి, దాని మీద మీటరు వైరు పెట్టాలి. వైరు తొడుగును గుచ్చకండి. ఆ రంధ్రంలోంచి తేమ చేరి కొన్నాళ్లకు రాగి పోగులకు పచ్చటి చిలుము పడుతుంది. ఇప్పుడు వరుసగా నాలుగు కొలతలు తీయాలి.

1. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య.
2. బల్బు లో బీమ్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య.
3. బ్యాటరీ పాజిటివ్‌కూ బల్బు లో బీమ్ పిన్నుకూ మధ్య. ఇది పాజిటివ్ వైపు నష్టం.
4. బల్బు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య. ఇది ఎర్త్ వైపు నష్టం.

చివరి మూడింటినీ కలిపితే మొదటి అంకె రావాలి. రాకపోతే కొలతలో ఎక్కడో తేడా వచ్చింది. పాజిటివ్ వైపు అర వోల్టు వరకు, ఎర్త్ వైపు 0.2 వోల్టు వరకు నష్టం ఉంటే ఫరవాలేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, మసకగా వెలుగుతున్న ఎడమ బల్బు దగ్గర 11.4, పాజిటివ్ వైపు నష్టం 0.4, ఎర్త్ వైపు నష్టం 2.1 వచ్చాయనుకుందాం. బల్బునూ, స్విచ్చునూ, రిలేనూ ముట్టుకోవలసిన పని లేదు. దోషం ఎర్త్‌లో ఉంది. ఆ అతుకు దగ్గర ఉన్న నిరోధం సుమారు అర ఓం మాత్రమే. మీటరును ఓమ్స్ మీద పెట్టి చూస్తే చవక మీటరు తన వైర్ల నిరోధమే అంత చూపిస్తుంది కనుక ఈ లోపం అసలు పట్టుబడదు. కానీ వెలుగు విషయంలో ఆ అర ఓం చేసే నష్టం చిన్నది కాదు. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీ కన్నా చాలా వేగంగా పడిపోతుంది: వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. పై ఉదాహరణలోని ఎడమ దీపం కుడి దీపం ఇచ్చే వెలుగులో సగం కన్నా కొంచెం ఎక్కువ మాత్రమే ఇస్తుంది.

నష్టం పాజిటివ్ వైపు ఉంటే, మీటరు ఎర్ర వైరును బ్యాటరీ పాజిటివ్ మీదే ఉంచి, నల్ల వైరును బల్బు నుంచి వెనక్కి జరుపుతూ రండి: రిలే 87, రిలే 30, ఫ్యూజు ఇవతలి కొస, ఫ్యూజు అవతలి కొస. అంకె ఏ రెండు చోట్ల మధ్య ఒక్కసారిగా తగ్గిందో ఆ రెండింటి మధ్యే కాలిన కాంటాక్టు ఉంటుంది.

ఎర్త్ శుభ్రం చేయడం

హెడ్‌లైట్ల ఎర్త్ వైరు సాధారణంగా ఫెండరు లోపలి రేకుకో, రేడియేటరు సపోర్టుకో ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. బ్యాటరీ కిందికి దగ్గరగా ఉంటే ఆసిడ్ తడి వల్ల తెల్లటి పొక్కు కడుతుంది. తాడిపత్రి, బేతంచెర్ల ప్రాంతాల్లో నాపరాయి పాలిష్ యూనిట్ల దగ్గర తిరిగే బండ్లలో రాతిపొడి ఆ బోల్టు చుట్టూ పేరుకుని, వానాకాలంలో తడిసి, తేమను పట్టి ఉంచుతుంది. పైకి చూస్తే దుమ్ములాగే ఉంటుంది గనుక ఎవరూ అనుమానించరు. బోల్టు విప్పి, రింగు టెర్మినలును, రేకు మీది పెయింటును ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, ఆ తరువాతనే పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. ముందే పూస్తే లోహానికీ లోహానికీ మధ్య పొర ఏర్పడుతుంది. పని అయ్యాక నాలుగో కొలత మళ్లీ తీయండి.

ఛార్జింగ్ సంగతి

ఇంజను ఆపి కొంతసేపు అయ్యాక మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. లైట్లు, ఏసీ వేయగానే 13 కన్నా కిందికి పడిపోతే బెల్టునూ, మన దగ్గర ఇంకా డైనమో అని పిలిచే ఆల్టర్నేటరునూ పరీక్షించుకోవాలి. 15 దాటితే ఛార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు పోయినట్టు. బల్బులు నెలకొకటి పోతున్నాయని కంపెనీని తిట్టుకునేవారు ముందుగా ఈ ఒక్క కొలత తీసుకోవాలి. కొన్ని కొత్త కార్లు ఇంధనం ఆదా కోసం ఛార్జింగును తామే తగ్గిస్తాయి కనుక, లైట్లు వేసి ఉంచే కొలవాలి.

ఎక్కువ వాట్ల బల్బులు, ఎల్ఈడీ కిట్లు

వెలుగు చాలడం లేదని 100/90 వాట్ల (హై బీమ్‌కు 100, లో బీమ్‌కు 90) బల్బులు వేయించడం మన ప్రాంతంలో మామూలైపోయింది. 55 వాట్ల కోసం లెక్కించిన వైరులో 90 వాట్ల కరెంటు పోతే అందులో పుట్టే వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. గోధుమ రంగుకు తిరిగిన కప్లర్లలో చాలావాటి చరిత్ర ఇదే. పైగా అది నిబంధనలకు విరుద్ధం, ఎదుటివారి కళ్లకు ప్రమాదం. 60/55 బల్బునే ఉంచి, బ్యాటరీ నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఫ్యూజు, రిలేతో సరఫరా ఇప్పిస్తే, పోయిన వోల్టు, వోల్టున్నర తిరిగి వచ్చి, చట్టం దాటకుండానే తేడా కనిపిస్తుంది. హాలోజన్ రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బల్బు పెడితే కాంతి పుట్టే చోటు మారి వెలుగు చెదురుతుంది. కంప్యూటరు నడిపే కార్లలో అది మిణుకుమిణుకుమనడం, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక రావడం కూడా జరుగుతాయి.

బల్బు విప్పిన ప్రతిసారీ వెలుగు దిశను సరిచూసుకోవాలి. సమతలమైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలిపి, కారు లోపల దీపాల ఎత్తు సరిచేసే లెవలింగ్ చక్రాన్ని సున్నా మీద ఉంచితే, లో బీమ్ పై అంచు దీపం ఎత్తు కన్నా సుమారు 10 సెంటీమీటర్లు కిందికి పడాలి.

దారిలో రెండు దీపాలూ ఒక్కసారిగా ఆరిపోతే

హజార్డ్ లైట్లు వేసి, వేగం తగ్గిస్తూ ఎడమ అంచుకు రండి. హై బీమ్, ఫాగ్ ల్యాంపు ప్రయత్నించండి. వాటికి ఫ్యూజులు, రిలేలు వేరుగా ఉండే అవకాశం ఉంది. బండి పూర్తిగా రోడ్డు దిగాక, నంబరు సరిపోతే హారన్ రిలేను తీసి లో బీమ్ రిలే స్థానంలో పెట్టండి. హారన్ లేకుండా నెమ్మదిగా దగ్గరి ఊరికి చేరవచ్చు గాని దీపం లేకుండా చేరలేరు. కాలిన వాసన గాని పొగ గాని వస్తే ఏదీ ముట్టకుండా ఇంజను ఆపి, వీలైతే బ్యాటరీ నెగటివ్ తీసి, అందరూ కారు దిగి రెయిలింగ్ అవతల నిలబడండి. జాతీయ రహదారి మీద అయితే రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసి, దగ్గర్లోని కిలోమీటరు రాయి మీది అంకె, మీరు కర్నూలు వైపు వెళ్తున్నారా, బెంగళూరు వైపు వెళ్తున్నారా అన్నది ముందుగా చెప్పండి.